ఒంటి కుర్చీకి దండ

పెళ్లి దండకు చివరి ముడి వేయగానే హన్మమ్మ లేచి పక్కకు జరిగింది. అరటాకు మీద పరిచిన దండను కోడలు భాగ్యశ్రీ రెండు చేతులతో ఎత్తి, బషీరాబాదు నుంచి వచ్చిన పెళ్లివారి చేతుల్లో పెట్టింది. వాళ్లు దాన్ని కళ్లకద్దుకున్నారు. "మంచిగ కట్టినవ్ బిడ్డా" అని భాగ్యశ్రీనే మెచ్చుకుని ఆటో ఎక్కారు. భాగ్యశ్రీకి ఇప్పటికీ మల్లెపూలు నాలుగు వరసగా కడితే అయిదోది జారిపోతుంది.

హన్మమ్మ మొగుడు పోయినప్పటి నుంచి ఆ కొట్లో అదే పద్ధతి. పెళ్లి దండ, శ్రీమంతం దండ, కొత్తింటి గుమ్మానికి కట్టే దండ, అన్నీ హన్మమ్మ కడుతుంది, భాగ్యశ్రీ ఇస్తుంది. శవం మీద వేసే దండైతే హన్మమ్మే ఇస్తుంది. దానికెవరికీ అభ్యంతరం లేదు.

తాండూరు బస్టాండు బయట ఆ కొట్టు. బండల పాలిష్ మిషన్ల నుంచి లేచిన తెల్లటి దుమ్ము రోజంతా పూల మీద వాలుతూనే ఉంటుంది. హన్మమ్మ తడిగుడ్డతో ఆ దుమ్ము దులుపుతుండగా తెల్లచొక్కా మనిషి ఒకడు కారు దిగాడు. వికారాబాదు నుంచి ధారూరు పోయే తోవలో ఉన్న ప్రైవేటు మెడికల్ కాలేజీలో పనులన్నీ చూసుకునే ప్రేమ్‌సాగర్. ఆ కాలేజీలో ఏ సభ జరిగినా పూలు హన్మమ్మవే.

"ఎల్లుండి పెద్ద సభ ఉంది హన్మమ్మా. పెద్దపెద్దోళ్లకు సన్మానం. యూనివర్సిటీ నడిపినాయన వస్తుండు. గుండె డాక్టరు, ఎముకల డాక్టరు, మా మొదటి ప్రిన్సిపాల్ సారు, అందరు ఇంటోళ్లతోని జంటగ వస్తరు. సార్లకు గులాబి దండలు, అమ్మగార్లకు తలల్ల పెట్టుకునేటందుకు మల్లెపూలు. పక్కపక్కన కూసుండబెట్టి, మా చైర్మన్ సారు భార్య బొట్టు పెట్టి హారతిస్తది. శాలువా, పట్టుచీర. మస్తు ఘనంగ చేస్తున్నం."

"గంతేనా సారు? ఇంకెవరు లేరా?"

"ఉన్నది. పద్మారాణి మేడం. కాన్పుల వార్డు మొత్తం నిలబెట్టింది ఆమెనే గదా. ఆమెకు దండ అక్కర్లే. బొకే హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నం."

హన్మమ్మ చేతిలో తడిగుడ్డ ఆగింది. "ఎందుకక్కర్లే?"

"ఆమె సారు పోయిన్రు గదమ్మా, పోయినేడు," అన్నాడు ప్రేమ్‌సాగర్. రేపు వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. ఆ మాట హన్మమ్మతో అంటున్నానన్న ధ్యాస కూడా అతనికి లేదు. ఫోను చెవిన పెట్టుకుని కారెక్కాడు.

పద్మారాణి మేడం తాండూరు సర్కారు దవాఖానలో ఉన్న రోజుల్లో పొద్దున డ్యూటీకి పోతూ ఈ కొట్టు ముందే స్కూటీ ఆపేది. దిగేది కాదు. చెయ్యి చాపేది. హన్మమ్మ మూరెడు కనకాంబరాలు ఆ చేతిలో వేసేది. స్కూటీ అద్దంలో చూసుకుంటూ కొప్పులో తురుముకుని పోయేది. ఆపరేషన్ గదిలోకి పోయేముందు ఆ పూలను తీసి కోటు మేకుకు తగిలిస్తుందని, పని కాగానే మళ్లీ పెట్టుకుంటుందని నర్సులు నవ్వుకుంటూ చెప్పేవాళ్లు.

మొన్న ఉగాది ముందు ఆమె కారులో వచ్చింది. సారు ఫొటోకు వేయడానికి చామంతి దండ కావాలంది. హన్మమ్మ దండ చుడుతుంటే ఆమె చెయ్యి దానంతటదే కనకాంబరాల గంప మీదికి పోయింది. ఒక పువ్వును ముట్టుకుంది. వేడి గిన్నెను ముట్టుకున్నట్టు వెనక్కి తీసుకుంది. హన్మమ్మ అది చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఎందుకు ఊరుకున్నానా అని ఇప్పుడు అనిపించింది.

*

మరుసటి రోజు మధ్యాహ్నం హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు నుంచి గులాబీల మూటలు వచ్చాయి. హన్మమ్మ మూట విప్పి, నలిగిన రేకులు గిల్లేసి, పూలను గోనెసంచి మీద ఆరబోసి నీళ్లు చిలకరించింది. దబ్బనానికి తెల్లదారం ఎక్కించి, దాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగింది. మైనం పట్టిన దారం పువ్వును కోయదు. ఒక వరస గులాబీ, మధ్యలో లిల్లీ, పక్కన మరువం, మళ్లీ గులాబీ. పువ్వు కాడను బొటనవేలితో నొక్కి, దబ్బనం దాని గుండె పక్క నుంచి పోనిచ్చింది. నడిమిలో గుచ్చితే పువ్వు సాయంత్రానికే విచ్చిపోతుంది.

అడిగిన దండలన్నీ అయ్యాయి. హన్మమ్మ లేవలేదు. మళ్లీ దారం తెంపింది.

"ఇంకోటి ఎవరికి అత్తమ్మా?" అంది భాగ్యశ్రీ.

"పద్మారాణి మేడంకు."

"ఆమెకు వద్దన్నరు గదా?"

"వాళ్లు వద్దన్నరు. వాళ్ల పూలు గావు గదా ఇవి, మనయి."

"తీస్కపోయినంక ఏమన్న అంటె?"

"అననీ."

పక్క కొట్టు ఖుద్దూస్‌ది. పెళ్లికొడుకుల తలకు కట్టే సేహ్రాలు, దర్గాకు పూల చాదర్లు అమ్ముతాడు. అతను చాయ్ గ్లాసుతో ఇటు తొంగి చూశాడు.

"క్యా హన్మమ్మా, గంత బరువు దండ! మంత్రి గిట్ల వస్తుండా?"

"మంత్రికైతే బంతిపూలు సాలు. ఇది డాక్టరమ్మకు. మొగుడు లేనామెకు."

ఖుద్దూస్ చాయ్ తాగడం ఆపాడు. "ఏస్కుంటదా?"

"ఎందుకేస్కోదు? ఆమెకు మెడ లేదా?"

"అరె, నన్నెందుకు కసురుతవ్? మా అమ్మ వజీరాబీని సూడు. మా అబ్బా పోయినంక గూడ సేహ్రా తనే కడ్తది. ఒక పెండ్లికొడుకు మామ వచ్చి, నువ్వొద్దు, నీ కోడల్ని కట్టమను అన్నడు. మా అమ్మ ఏమన్నదో ఎరికేనా? 'అట్లయితె ఈ సేహ్రా నీ గడ్డానికి కట్టుకో, నీ మొకం దాగితె పెండ్లికి మంచిదే' అన్నది."

భాగ్యశ్రీ పకపక నవ్వింది. హన్మమ్మ కూడా నవ్వబోయింది కానీ, చేతిలో దబ్బనం జారి వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో కుచ్చుకు గులాబీలు ఏరడం మొదలుపెట్టింది. దండ కింది కుచ్చులోకి మంచివన్నీ ఏరింది. ప్రిన్సిపాల్ సారు దండలో ఉన్నవాటికంటే మంచివి.

*

పొద్దున ప్యాసింజరు రైల్లో బాగా జనం ఉన్నారు. హన్మమ్మ గంపను తలుపు పక్కన పెట్టుకుని, గాలి తగిలేటట్టు తడిబట్ట ఒక మూల తీసి కూర్చుంది. ధారూరులో కూరగాయల మూటలతో ఎక్కిన ఆడవాళ్లు, "యాడ పెండ్లి అక్కా?" అని అడిగారు.

"పెండ్లి గాదు. డాక్టర్లకు సన్మానం."

"గన్ని సూదులేసినోళ్లకు గన్ని పూలా!" అంది ఒకామె. అందరూ నవ్వారు.

కాలేజీ హాలులో వేదిక మీద కుర్చీలకు తెల్లబట్టలు తొడిగారు. జంటలు జంటలుగా వేశారు. జంటకూ జంటకూ మధ్య మనిషి పట్టేంత సందు. అన్నింటికీ చివర, మైకు స్టాండు దాటినాక ఒంటి కుర్చీ ఉంది. ఫొటోలు తీసేవాడు కెమెరా సరిచూసుకుంటూ నిలబడితే ఆ కుర్చీ అతని వీపు వెనక్కి పోతోంది.

ప్రేమ్‌సాగర్ గంప మీద బట్ట తీసి దండలు చూశాడు. "మంచిగున్నయి... ఇదేంది, ఎక్కువుంది?"

"పద్మారాణి మేడంది."

"చెప్పిన గదా నీకు."

"మీరు చెప్పిన్రు, నేను ఇన్న. ఇది మీ లెక్కల రాయకున్రి."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "జర సమజ్ చేస్కో హన్మమ్మా. మేమన్నది గాదు. ఆమెనే ఫోను చేసి వద్దన్నది. బొట్టు, హారతి, దండ, ఏది వద్దన్నది. కుర్చీ గూడ చివరికెయ్యమన్నది ఆమెనే."

"అబద్ధం."

"పోయి ఆమెనే అడుగు మరి."

వేదిక పక్క గదిలో పెద్దవాళ్లంతా చాయ్ తాగుతున్నారు. ఒకరి భార్య ఇంకొకరి భార్య చీర కొంగు పట్టుకుని నేత చూస్తోంది. కిటికీ దగ్గర పద్మారాణి మేడం ఒక్కతే కూర్చుని ఉంది. లేత బూడిదరంగు నేతచీర కట్టుకుంది. ఒక చేతికి గడియారం ఉంది, రెండో చెయ్యి బోసిగా ఉంది. హన్మమ్మను చూడగానే ఆమె మొహం వెలిగింది.

"హన్మమ్మా! నువ్వొచ్చినవా? మోకాళ్లెట్లున్నయి?"

"మోకాళ్లను వదిలేయున్రి మేడం. మీకు దండ తెచ్చిన."

వెలుగు పోయింది. "ప్రేమ్‌సాగర్ చెప్పలేదా? నేనే వద్దన్న."

హన్మమ్మకు రైలు దిగినప్పటి నుంచి నాలుక మీద తయారుగా పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కాలేజీవాళ్లను నాలుగు దులుపుదామని వచ్చింది. దులపడానికి ఇక్కడ ఎవరూ లేరు.

"మీరే అట్లంటె ఎట్ల మేడం? గంత సదువుకున్నోళ్లు."

"చదువుకు దీనికి సంబంధం లేదు హన్మమ్మా." పద్మారాణి చాయ్ కప్పును కిటికీ గట్టు మీద పెట్టింది. "పోయిన నెల మా అక్క మనవరాలి పెళ్లి. నా చేతుల్ల పుట్టిన పిల్ల. తలంబ్రాల పళ్లెం అందుకుందామని చెయ్యి చాపిన. మా వదిన ఆ పళ్లెం అవతలికి జరిపింది. నోరు తెరిచి ఒక్క మాటనలేదు. ఊరికే జరిపింది. చాపిన చెయ్యి ఏం చేయాలో తెల్వక చీర సర్దుకున్న. అప్పటినుంచి ఎవరో జరపకముందే నేనే జరుగుతున్న. మనంతట మనం జరిగితే కొంచెం తక్కువ నొస్తది."

పెళ్లి దండ ఇవ్వొద్దని హన్మమ్మకు చెప్పిందెవరు? ఒక మొహం గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆడబిడ్డా? కాదు. పక్కింటి శాంతవ్వా? కాదు. కొనడానికి వచ్చినవాళ్లా? ఎవరూ ఒక్క మాట అనలేదు. దినాలు అయిపోయి కొట్టు తెరిచిన రోజు, మొదటి పెళ్లివాళ్లు ఇంకా రోడ్డు దాటుతుండగానే, తనే దండ తీసి భాగ్యశ్రీ ఒళ్లో పెట్టింది. పిల్ల బిత్తరపోయి, "నేనెందుకు అత్తమ్మా?" అని అడిగింది కూడా. "ఇయ్యవే" అని తనే కసిరింది.

"నన్ను గూడ ఎవ్వరు వద్దనలే మేడం," అంది మెల్లగా. "నేనే జరిగిన. గిన్నేండ్ల సంది జరుగుకుంటనే ఉన్న. తక్కువేం నొస్తలేదు."

పద్మారాణి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సినంత మసక దానికేమీ లేదు.

"నువ్వు చెప్పింది నిజమే కావొచ్చు. కానీ ఈ రోజు వద్దు. నా విద్యార్థులంతా ఉన్నరు. నలుగురిలో తమాషా చెయ్యకు హన్మమ్మా, నీకు దండం పెడత."

"నాకు దండం పెట్టకున్రి." హన్మమ్మ గొంతు పెరిగింది. చీర నేత చూస్తున్న ఇద్దరూ ఇటు తిరిగారు. "కట్టింది నేను. తెచ్చింది నేను. మిమ్మల్ని పిలిచినప్పుడు పైకొస్త. మీరు తల వంచితె ఏస్త. వంచకపోతె మీ ముందట పట్టుకుని నిలబడత. ఎవరన్న దిగమన్నా దిగ. మీ ఇష్టం ఇగ."

జవాబు కోసం ఆగకుండా బయటికి వచ్చింది. గంప పక్కన నేల మీద కూర్చుని, దండకు ఇంకోసారి నీళ్లు చల్లింది.

*

సభ మొదలైంది. జ్యోతి వెలిగించారు, పాట పాడారు. ట్రస్టు చైర్మన్ అనంతయ్య మాట్లాడాడు. తర్వాత ఒక్కో జంటను పిలిచారు. యూనివర్సిటీ నడిపినాయన, ఆయన భార్య ముందుకొచ్చారు. చైర్మన్ భార్య ఇద్దరికీ బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. చైర్మన్ దండ వేశాడు, శాలువా కప్పాడు. ఫొటో తీశారు. ఫొటో అయిందో లేదో ఆయన దండను మెడలోంచి లాగి పక్కనున్న బల్ల మీద పడేశాడు. గుండె డాక్టరూ అంతే. ఎముకల డాక్టరైతే చైర్మన్ చేతులు ఇంకా దండ మీద ఉండగానే తీసేశాడు. ఒక పూటంతా కూర్చుని గుచ్చిన దండలు గుటక వేసినంత సేపు కూడా మెడల్లో ఉండలేదు. బల్ల మీద ఒకదాని మీద ఒకటి పడి, కింది దండ కుచ్చు నలిగిపోయింది. పెద్దరికమంటే దండను త్వరగా తీసేయడమేనని వాళ్లందరికీ ఎవరో నేర్పినట్టుంది. ఇన్నేళ్లుగా దండలు పంపుతున్నా హన్మమ్మ ఇది కళ్లారా చూడడం మొదటిసారి.

"ఇప్పుడు, మన స్త్రీల వైద్య విభాగానికి పునాది వేసిన డాక్టర్ పద్మారాణి గారు."

వెనక వరసల్లో ఆడపిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. పద్మారాణి ఒంటి కుర్చీ నుంచి లేచింది. చైర్మన్ భార్య హారతి పళ్లెం తీసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. చైర్మన్ బొకే అందించాడు. పద్మారాణి అందుకుంది.

హన్మమ్మ దండను రెండు ముంజేతుల మీద వేసుకుని మెట్ల దగ్గరికి నడిచింది. ప్రేమ్‌సాగర్ అడ్డం వచ్చాడు. "ఏయ్, ఎక్కడికి?"

"జరుగున్రి సారు. దండ మీ బట్టలకు తాకితె మరకలైతయి."

అతను తెల్లచొక్కా చూసుకుని అప్రయత్నంగా జరిగాడు. ఆమె పైకి ఎక్కింది.

హన్మమ్మ పద్మారాణి ఎదుట నిలబడి దండను రెండు చేతులతో పైకి ఎత్తింది. పద్మారాణి ఆమె వైపే చూస్తోంది. తల వంచలేదు.

తడిసిన గులాబీలు బరువు. మోచేతుల వెంట నీళ్లు కారి జాకెట్టు చేతుల్లోకి పోతున్నాయి. భుజాలు పీకుతున్నాయి. వెనక నుంచి ప్రేమ్‌సాగర్, "దిగు, దిగు" అని గుసగుసలాడుతున్నాడు. ఎవరో మైకులో గొంతు సవరించుకున్నారు. హన్మమ్మ చేతులు దించలేదు. చేతులు వణుకుతుంటే కుచ్చు కూడా వణుకుతోంది. వణకనీ అనుకుంది. కింద కూర్చున్న వాళ్లెవరో "ఎవరామె?" అన్నారు.

పద్మారాణి బొకేను తిరిగి చైర్మన్ చేతిలో పెట్టింది. ఆయన తీసుకున్నాడు. కళ్లజోడు తీసి, మడిచి, అదీ ఆయన చేతిలోనే పెట్టింది. అదీ తీసుకున్నాడు. అప్పుడు తల వంచింది.

హన్మమ్మ దండ వేసింది. కుచ్చు నడుము దగ్గరికి వచ్చేటట్టు సరిచేసింది. బూడిదరంగు చీర మీద ఎర్రగా నిండుగా ఉంది. కళ్లజోడు తనే చైర్మన్ దగ్గర తీసుకుని మేడంకు ఇచ్చింది.

ఫొటో తీశారు. ప్రేమ్‌సాగర్ పళ్లెం పట్టుకుని వచ్చాడు. "మేడం, దండ ఇటియ్యున్రి."

"ఉండనీ," అంది పద్మారాణి. మైకు దగ్గరికి నడిచింది.

"ఈ దండ నేనే వద్దన్న. కాలేజీ వాళ్ల తప్పు లేదు. వాళ్ల తప్పల్లా, నేను వద్దనంగనే మంచిదే అనుకొని ఊరుకోవడం." ముందు వరసలో ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు. "కాన్పు చేసేటప్పుడు ఏ తల్లీ నన్ను, నీకు మొగుడున్నడా అని అడగలేదు. నిన్నమొన్న నన్ను నేనే అడుగుకున్న. ఆడపిల్లలకు చెప్తున్న, మిమ్మల్ని మీరు అట్ల అడుగుకోకండి. అంతే."

వచ్చి కూర్చుంది. చివరి కుర్చీలో కాదు. దాన్ని వెనక కాళ్ల మీద ఈడ్చుకుంటూ తెచ్చి, ప్రిన్సిపాల్ సారు దంపతుల పక్కన వేసుకుని కూర్చుంది. వేదిక చెక్కల మీద కుర్చీ కాళ్లు చేసిన కీచుమనే చప్పుడు హాలంతా వినబడింది. సభ అయ్యేదాకా, వందన సమర్పణ, జాతీయ గీతం అయ్యేదాకా దండ ఆమె మెడలోనే ఉంది.

*

"ఇగ మా కాలేజీ పూల మీద ఆశ వదులుకో," అన్నాడు ప్రేమ్‌సాగర్, హన్మమ్మ ఖాళీ గంప సర్దుకుంటుంటే.

"వదులుకున్న సారు. మీరు గూడ ఇగ ప్లాస్టిక్‌వి తెచ్చుకోన్రి. బల్ల మీద పడేసినా నలగవు."

భోజనానికి ఉండమని నర్సు పిల్లలు బతిమాలారు. ఉండలేదు. గేటు బయట ఆటో ఎక్కింది.

వికారాబాదు ఊళ్లో రైలుగేటు పడి ఉంది. బండల లారీలు, బస్సులు, మోటారుసైకిళ్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. హన్మమ్మ ఆటో లారీ పక్కన దూరి నిలబడింది. ఆటోకు రెండో పక్కన, కాలేజీ నుంచి ముందే బయలుదేరిన పద్మారాణి కారు ఉంది. వెనక సీటులో ఆమె సీటుబెల్టు పెట్టుకుని, దండను బెల్టు కింద నలగనీయకుండా పైకి తీసి గుండెల మీద పరుచుకుని కూర్చుంది. నుదుట బొట్టు లేదు, మెడనిండా గులాబీలున్నాయి. బస్సు కిటికీల్లోంచి జనం వంగి చూస్తున్నారు. మోటారుసైకిలు మీద ఒకామె మొగుడి భుజం తట్టి చూపించింది. ఒక ముసలామె ముక్కు మీద వేలు వేసుకుంది.

గూడ్సు బండి మెల్లగా పోతోంది. డబ్బాలు అయిపోయేటట్టు లేవు. కారు డ్రైవరు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. కిటికీ అద్దం ఎక్కించమంటారా అని కావచ్చు.

పద్మారాణి తల అడ్డంగా ఊపింది.